గల్లాపెట్టె దగ్గర ఆగిపోతున్న సిఫారసు: రైతు కొనుగోలుపై దుకాణ వాతావరణం, చెల్లింపు విధానాల ప్రభావం

వరి పైరు పొట్ట దశకు చేరిన రోజుల్లో దుబ్బుల మొదళ్లలో సుడిదోమ కనిపించగానే రైతు వ్యవసాయ విస్తరణ అధికారిని సంప్రదిస్తాడు. పొలానికి వచ్చిన అధికారి దుబ్బులను తట్టి చూసి, దోమ ఉధృతిని అంచనా వేసి, పొలాన్ని అడపాదడపా ఆరగట్టమని, లీటరు నీటికి 0.6 గ్రాముల పైమెట్రోజిన్ కలిపి మొదళ్లు తడిసేలా పిచికారి చేయమని చెబుతాడు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి పోవద్దనీ, వాటివల్ల దోమ తగ్గకపోగా మళ్లీ విజృంభిస్తుందనీ హెచ్చరిస్తాడు. రైతు శ్రద్ధగా వింటాడు. మందు పేరు చీటీ మీద రాయించుకొంటాడు కూడా. అయినా ఆ సాయంత్రం మండల కేంద్రంలోని దుకాణం నుంచి అతడు తెచ్చుకొన్న సంచిలో చీటీలో రాసిన మందు ఉండకపోవచ్చు. దాని స్థానంలో రెండు మందులు కలిసిన సీసా ఒకటి, వాడుకలో ‘బయో’ అని పిలిచే ద్రావణం ఒకటి కనిపించడం పల్లెల్లో తిరిగే విస్తరణ సిబ్బందికి కొత్త విషయం కాదు.

ఈ రైతుకు సలహా అందలేదని అనడానికి వీలు లేదు. అర్థం కాలేదనడానికీ ఆధారం లేదు. అందిన సలహా, అర్థమైన సలహా, ఆచరించాలన్న ఉద్దేశం ఉన్న సలహా పొలానికీ ఇంటికీ నడుమ ఉన్న దుకాణంలో మారిపోయింది. మారిపోవడానికి గల కారణాన్ని రైతు విద్యాస్థాయిలోనో, వయస్సులోనో, కమతం విస్తీర్ణంలోనో వెతకడం విస్తరణ పరిశోధనలో ఆనవాయితీ. ఆ రోజు అతడు ఎక్కడ నిలబడి కొన్నాడు, ఎవరి ముందు కొన్నాడు, సొమ్ము ఎప్పుడు ఎలా చెల్లించాడు అన్న ప్రశ్నలకు ప్రశ్నావళుల్లో తగిన చోటు దక్కడం లేదు. సిఫారసు అమలుకు నోచుకొంటుందా లేదా అన్నది చాలా సందర్భాల్లో తేలుతున్నది మాత్రం ఆ ప్రశ్నల దగ్గరే.

రైతు కూడా కొనుగోలుదారుడే

కొనుగోలు జరిగే స్థలం కొనుగోలుదారుని నిర్ణయాన్ని ప్రభావితం చేస్తుందన్న భావన విపణి శాస్త్రంలో పాతదే. దుకాణంలోని వెలుతురు, అమరిక, శబ్దం, వాసన వంటివన్నీ కలిసి ఏర్పడే వాతావరణం అమ్మకపు సాధనమని ఫిలిప్ కోట్లర్ 1973లో ప్రతిపాదించాడు. సేవలు అందే భౌతిక పరిసరాలు కొనుగోలుదారునితో పాటు అక్కడ పనిచేసే వారి ప్రవర్తనను కూడా మలుస్తాయని మేరీ జో బిట్నర్ 1992లో విశ్లేషించింది. ఈ అధ్యయనాల ఫలితాలను పెద్ద నగరాల బట్టల దుకాణాలు, సూపర్ మార్కెట్లు, హోటళ్లు వినియోగించుకొన్నాయి. విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు కొనే రైతుకు మాత్రం ఈ దృష్టి చాలవరకు వర్తించలేదు. అతడిని ‘లబ్ధిదారుడు’గానో ‘స్వీకర్త’గానో చూసినంతగా కొనుగోలుదారుడిగా చూడలేదు.

మండల కేంద్రంలోని ఒక సాధారణ ఉత్పాదకాల దుకాణాన్ని గమనిస్తే దాని అమరికే కొంత చెబుతుంది. సరుకంతా బల్లకు అవతల, డీలరు వెనుక అరల్లో ఉంటుంది. రైతు బల్లకు ఇవతల నిలబడతాడు. సీసాను చేతిలోకి తీసుకొని తిప్పి చూసే అవకాశం అతనికి సొమ్ము మాట తేలిన తరువాతగాని రాదు. లేబుల్ మీద మందు సాంకేతిక నామం చిన్న అక్షరాల్లోనూ వాణిజ్యనామం పెద్ద అక్షరాల్లోనూ కనిపిస్తాయి. విషతీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల త్రికోణం ప్రతి డబ్బా మీదా ఉంటుంది. దాని అర్థం తెలిసి అడిగే కొనుగోలుదారులు తక్కువ. గోడల మీద కంపెనీల పోస్టర్లు నిండుగా ఉంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం నిల్వల, ధరల పట్టిక అందరికీ కనిపించేలా ఉండాలి. ఆ పట్టిక చదవడానికి వీలుగా ఉన్నదా, బస్తాల చాటున ఉన్నదా అన్నది చిన్న విషయంగా కనిపించినా కొనుగోలు అనుభవాన్ని మార్చే విషయం అదే.

నాట్లు ముగిసిన వారంలోనో పురుగు ఉధృతమైన రోజుల్లోనో దుకాణం ముందు పదిమంది గుమిగూడి ఉంటారు. వెనుక నిలబడినవారు తొందరపెడుతూ ఉంటే ముందున్న రైతు మందు పేరు, మోతాదు, గడువు తేదీ అడిగి తెలుసుకోవడం కష్టం. తన అప్పు సంగతి నలుగురి ముందు చర్చకు వస్తుందేమోనన్న బెరుకు ఉన్నవాడు అసలే మాట్లాడడు. ఇక కలుపు తీసేది, పిచికారికి నీళ్లు మోసేది, మందు కలిసిన పైరులో ఎక్కువసేపు పనిచేసేది మహిళలే అయినా ఆ బల్ల ముందు వారు కనిపించేది అరుదు. మందును ఎంపిక చేసే చోట, దాని ప్రభావాన్ని శరీరంతో భరించే వ్యక్తి లేకపోవడం కూడా దుకాణ వాతావరణంలో భాగమే.

చెల్లింపు బాధ, దానిని మరపించే అరువు

స్థలం కన్నా లోతుగా పనిచేసేది చెల్లింపు పద్ధతి. మనిషి సొమ్ము చెల్లించేటప్పుడు ఒక విధమైన బాధను అనుభవిస్తాడనీ, కొనుగోలుకూ చెల్లింపుకూ మధ్య ఎడం పెరిగిన కొద్దీ ఆ బాధ మొద్దుబారుతుందనీ డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టైన్ 1998లో ప్రతిపాదించారు. రిచర్డ్ థేలర్ రూపొందించిన మానసిక లెక్కల సిద్ధాంతానికి ఇది కొనసాగింపు. ప్రవర్తనా అర్థశాస్త్రంలో చేసిన కృషికి థేలర్‌కు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ప్రెలెక్, డంకన్ సైమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో అమెరికాలోని మేనేజ్‌మెంట్ విద్యార్థులు బాస్కెట్‌బాల్ పోటీ టికెట్లకు వేలం పాడారు. క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పిన బృందం, నగదు చెల్లించాలని చెప్పిన బృందం కన్నా సుమారు రెట్టింపు పాట పాడింది. వస్తువు ఒకటే, మనుషులు ఒక తరహావారే. మారింది చెల్లింపు పద్ధతి మాత్రమే.

ఉత్పాదకాల దుకాణంలో అరువుకు కొనే రైతు విషయంలోనూ ఇదే జరుగుతుంది. జేబులోంచి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు ‘ఈ రెండో సీసా ఎందుకు?’ అని అడుగుతాడు. ఖాతా పుస్తకంలో ఒక గీత చేరితే సరిపోయే చోట ఆ ప్రశ్న నోటి దాకా రాదు. పంట చేతికి వచ్చే నాటికి పుస్తకంలోని మొత్తం చూసి ఉలిక్కిపడటం, ఇన్ని మందులు ఎప్పుడు తెచ్చానని గుర్తు చేసుకోవడం ఈ మరపు ఫలితమే.

అయితే క్రెడిట్ కార్డుకూ దుకాణదారు అరువుకూ మధ్య ఒక మౌలికమైన తేడా ఉన్నది. కార్డుదారునికి అప్పు ఇచ్చేది బ్యాంకు, సరుకు అమ్మేది దుకాణం. నచ్చకపోతే అతడు అదే కార్డుతో పక్క దుకాణానికి వెళ్లగలడు. రైతుకు అప్పు ఇచ్చేవాడూ సరుకు అమ్మేవాడూ ఒక్కడే. కొన్నిచోట్ల పంట కొనేవాడూ అతడే. పక్క దుకాణానికి వెళ్లడమంటే అప్పు తీర్చి వెళ్లడం. అందువల్ల కార్డు కొనుగోలుదారుని ఎంపికను విస్తరింపజేస్తే, అరువు ఖాతా రైతు ఎంపికను హరిస్తుంది. చీటీ చూపించి ‘ఈ మందే కావాలి’ అని పట్టుబట్టే హక్కు నగదు ఇచ్చేవానికి ఉన్నంతగా అరువు అడిగేవానికి ఉండదు. ‘అది లేదు, ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, తీసుకుపో’ అన్న మాటకు అతని దగ్గర జవాబు ఉండదు. విస్తరణ శాస్త్రవేత్త సిఫారసు ఆగిపోతున్నది సరిగ్గా ఈ చోటనే.

అరువు అసలు ధర

అరువు కొనుగోలు ఎంత ఖరీదైనదో ఒక నమూనా లెక్కతో గ్రహించవచ్చు. గరిష్ఠ చిల్లర ధర 1,000 రూపాయలు ముద్రించి ఉన్న మందును నగదు ఇచ్చే రైతు బేరమాడి 800 రూపాయలకు తెచ్చుకొన్నాడని అనుకొందాం. అదే మందును అరువుకు తీసుకొన్న రైతు ఖాతాలో 1,000 రూపాయలు రాస్తారు. దానిపై నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున 5 నెలలకు 100 రూపాయల వడ్డీ చేరుతుంది. పంట అమ్మిన రోజున అతడు చెల్లించేది 1,100 రూపాయలు. రైతు దృష్టిలో తాను కట్టిన వడ్డీ వంద రూపాయలే. నిజానికి 800 రూపాయల సరుకుకు 5 నెలల గడువు కోసం అతడు అదనంగా ఇచ్చింది 300 రూపాయలు. అంటే 5 నెలలకు 37.5 శాతం, ఏడాదికి లెక్కిస్తే 90 శాతం.

అదే 800 రూపాయలను కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా 7 శాతం వడ్డీకి తీసుకొంటే 5 నెలలకు అయ్యే వడ్డీ 24 రూపాయల లోపే. గడువులోగా తిరిగి చెల్లించి 3 శాతం ప్రోత్సాహక రాయితీ పొందితే అది 14 రూపాయలకు లోబడి ఉంటుంది. 300 రూపాయలకూ 14 రూపాయలకూ నడుమ ఉన్న ఈ అంతరం సాగు ఖర్చుల పట్టికలో వడ్డీ శీర్షిక కింద పూర్తిగా కనిపించదు. అందులో ఎక్కువ భాగం పురుగు మందుల ఖర్చుగా నమోదవుతుంది. అరువు ధరను నగదు ధర నుంచి విడదీసి చూపని సాగు ఖర్చు అధ్యయనం రైతు నష్టానికి అసలు మూలాన్ని చూపలేదు.

ఈ లెక్క తెలుగు రాష్ట్రాలకు ఎంత ముఖ్యమో జాతీయ నమూనా సర్వే గణాంకాలు తెలుపుతాయి. 2019లో జరిపిన 77వ విడత సర్వే ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఇంత విస్తృతంగా రుణం మీద సాగుతున్న వ్యవసాయంలో నగదు చేతిలో ఉన్న రైతును ఊహించుకొని సిఫారసులు తయారు చేయడం వాస్తవానికి దూరం.

డీలరు ఒక్కడే దోషి కాడు

ఇంత చెప్పిన తరువాత డీలరును దోషిగా నిలబెట్టడం సులభం. కాని అది సగం నిజమే అవుతుంది. బ్యాంకు గడప తొక్కలేని కౌలు రైతుకు విత్తనం, ఎరువు అందించి సాగును నిలబెడుతున్నది ఆ దుకాణమే. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు రుణ అర్హత పత్రాల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. అయినా భూమి యజమాని సమ్మతి, బ్యాంకు హామీ అనే రెండు గడపలు దాటలేనివారు ఇంకా చాలామంది ఉన్నారు. హామీ పత్రం లేకుండా, సంతకం కూడా లేకుండా, ముఖం చూసి అప్పు ఇచ్చే డీలరు నష్టభయాన్ని కూడా మోస్తాడు. వర్షాలు ముంచితే అతని బాకీ కూడా మునుగుతుంది. పైగా అతడు తెల్లవారుజామున తలుపు తీస్తాడు, రైతు భాషలో మాట్లాడతాడు, ఎండిన ఆకును చేతిలోకి తీసుకొని చూస్తాడు.

సలహాదారుగా కూడా అతని స్థానం చిన్నది కాదు. 2003లో జరిపిన జాతీయ నమూనా సర్వేలో ఆధునిక సాంకేతిక సమాచారం కోసం ఉత్పాదకాల డీలర్లను ఆశ్రయించినట్లు 13.1 శాతం వ్యవసాయ కుటుంబాలు తెలుపగా, విస్తరణ కార్యకర్తను ఆశ్రయించినట్లు తెలిపినవి 5.7 శాతమే. ఆ ఏడాదే హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, మేనేజ్, ఉత్పాదకాల డీలర్ల కోసం ఒక ఏడాది డిప్లొమాను ప్రారంభించడం ఈ వాస్తవాన్ని గుర్తించిన ఫలితమే. ఆ శిక్షణ డీలరు శాస్త్ర పరిజ్ఞానాన్ని పెంచుతుంది. కాని అరువు వ్యాపారంలో పెట్టుబడి చిక్కుకొన్న డీలరుకు ఏ సరుకు అమ్మితే ఆ పెట్టుబడి తిరిగి వస్తుందన్న ఒత్తిడి ఉంటుంది. తెలిసిన శాస్త్రానికీ అమ్మవలసిన సరుకుకూ మధ్య అతడు కూడా నలిగిపోతాడు. పరిజ్ఞానం ఒక్కటే ఆ ఒత్తిడిని తొలగించలేదు.

యంత్రం వచ్చింది, అరువు మిగిలింది

ప్రభుత్వాలు కొనుగోలు వాతావరణాన్ని మార్చడానికి ప్రయత్నించకపోలేదు. ఎరువుల ప్రత్యక్ష నగదు బదిలీ విధానాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టిన జిల్లాల్లో కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నాయి. 2018 మార్చి నాటికి ఇది దేశమంతటా అమల్లోకి వచ్చింది. పీఓఎస్ యంత్రం మీద రైతు గుర్తింపు నమోదైన తరువాతే ఎరువు అమ్మకం పూర్తవుతుంది. ఆ అమ్మకం ఆధారంగానే కంపెనీకి రాయితీ అందుతుంది. పొలం పనులతో అరిగిన వేలిముద్రలు యంత్రానికి అందక, సిగ్నల్ లేక రైతులు వేచి ఉండటం వంటి ఇబ్బందులు ఉన్నా, ఈ ఏర్పాటు ఒక మేలు చేసింది. కొనుగోలు జరిగినట్లు నమోదయ్యే అలవాటును అది దుకాణంలోకి తెచ్చింది. పురుగు మందుల అమ్మకంలో ఇంతటి కట్టుదిట్టమైన నమోదు అలవాటు కాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న 10,641 రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమయ్యాయి. 2024లో అవి రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చుకొన్నాయి. గ్రామంలోనే, పరీక్షించిన ఉత్పాదకాలను, ముద్రిత ధరకు, విస్తరణ సిబ్బంది సమక్షంలో కొనుక్కొనే అవకాశాన్ని అవి కల్పించాయి. దుకాణ వాతావరణం దృష్ట్యా ఇంతకన్నా మంచి ఏర్పాటును ఊహించడం కష్టం: సలహా ఇచ్చే చోటూ కొనే చోటూ ఒకటే. అయితే సొమ్ము ముందుగా చెల్లించి తెప్పించుకొనే పద్ధతి చేతిలో నగదు ఉన్న రైతుకు ఉపయోగపడినంతగా, జూలైలో జేబు ఖాళీగా ఉన్న రైతుకు ఉపయోగపడదు. అతడు మళ్లీ ఖాతా ఉన్న దుకాణానికే నడుస్తాడు. వాతావరణాన్ని మార్చి చెల్లింపు పద్ధతిని మార్చకపోతే సంస్కరణ ఎక్కడ ఆగుతుందో ఇది చూపుతుంది.

2016లో వచ్చిన యూపీఐ విషయమూ ఇంతే. క్యూఆర్ కోడ్ లేని ఎరువుల దుకాణం ఇప్పుడు అరుదు. ఫోనులో చెల్లింపు జరిగితే తేదీ, మొత్తం నమోదవుతాయి; చిల్లర ఇబ్బంది ఉండదు. కాని ఆ నమోదులో ఏ మందు, ఏ బ్యాచ్, ఎంత పరిమాణం అన్నవి ఉండవు. ఫోనులోని చెల్లింపు సందేశాన్నే బిల్లుగా భావించే రైతు తరువాత ఇబ్బంది పడతాడు. అంతకన్నా ముఖ్యంగా, ఖాతాలో నిల్వ ఉన్నవాడికే యూపీఐ చెల్లింపు సాధనం. పంట అమ్మిన రోజున పాత బాకీని తీర్చడానికి మాత్రమే దాన్ని వాడే రైతుకు చెల్లింపు వేగం పెరిగిందే తప్ప ఎంపిక పెరగలేదు.

బిల్లు లేని చోట హక్కు లేదు

చెల్లింపు పద్ధతి ప్రభావం కొనుగోలుతో ముగియదు. విత్తనం మొలకెత్తకపోయినా, మందు పైరును మాడ్చినా పరిహారం కోరడానికి మొదటి ఆధారం బిల్లు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని, వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చునని జాతీయ విత్తన సంస్థ కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మరొక మెట్టు స్పష్టత ఇస్తున్నది: సొమ్ము చెల్లించినవారే కాక, చెల్లిస్తానని మాట ఇచ్చి కొన్నవారు, వాయిదా పద్ధతిలో కొన్నవారు కూడా వినియోగదారులే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సైతం నగదు బిల్లు గాని అరువు బిల్లు గాని తప్పక ఇవ్వాలని డీలరును ఆదేశిస్తున్నది. అంటే అరువుకు కొన్న రైతుకు బిల్లు అడిగే హక్కు లేదన్న భావన చట్టంలో ఎక్కడా లేదు. అది దుకాణం బల్ల దగ్గర పుట్టిన అలవాటు మాత్రమే. ‘డబ్బులు కట్టాక బిల్లు’ అన్న మాటకు తలూపిన రైతు, పంట పోయిన రోజున బాకీతో పాటు ఆధారం లేకుండా మిగులుతాడు. ఈ ఒక్క విషయాన్ని శిక్షణ తరగతుల్లో స్పష్టంగా చెప్పడానికి ఏ కొత్త పథకమూ అవసరం లేదు.

చెల్లింపు కాలాన్ని జరపడం

రైతు చేతిలో సొమ్ము ఏడాది పొడవునా లేకుండా పోదు. ధాన్యం సేకరణ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడిన రోజుల్లో ఉంటుంది. ఎరువు కొనవలసిన రోజుకు ఉండదు. ఈ ఎడాన్ని తగ్గించడం ఎలాగో కెన్యా పశ్చిమ ప్రాంతంలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ 2011లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, కోతలు ముగియగానే రైతు ఇంటికి వెళ్లి, వచ్చే పంటకు కావలసిన ఎరువుకు మామూలు ధరకే కూపన్ అమ్మి, అవసరమైన సమయానికి ఉచితంగా చేరవేసే ఏర్పాటు చేశారు. ఎరువు వాడకం గణనీయంగా పెరిగింది. అదే ఉచిత రవాణాను ఎరువు వేసే కాలంలో ఇస్తే అంత ఫలితం రాలేదు. ధర తగ్గించలేదు, చెల్లించే రోజును మాత్రమే సొమ్ము ఉన్న రోజుకు జరిపారు. తెలుగు నేలలో సమస్య ఎరువు తక్కువ వాడటం కాదు, తోచినట్లు వాడటం. అయినా సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ముందే సొమ్ము కట్టిన రైతు, భూసార పరీక్ష పత్రం చెప్పినంతే, తాను కోరిన సరుకే తీసుకొనే స్థితిలో ఉంటాడు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఇటువంటి ముందస్తు కొనుగోలును చేపట్టడానికి తగిన వేదికలు.

ఇక్కడి అనుభవంలోనూ పాఠం ఉన్నది. పూర్వపు ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామంలో పత్తి రైతులు విత్తనం, ఎరువు, పురుగు మందు, అప్పు అన్నీ ఒకే వ్యాపారి దగ్గర తీసుకొనేవారు. స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో వేపకషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు వంటి పద్ధతులు చేపట్టి, ఆ గ్రామ పంచాయతీ పురుగు మందులు వాడని గ్రామంగా ప్రకటించుకొన్నది. ఈ ఉదంతాన్ని సస్యరక్షణ విజయంగానే చెప్పుకోవడం పరిపాటి. అది అరువు ఖాతా నుంచి బయటపడిన కథ కూడా. మందు కొనవలసిన అవసరం తగ్గడంతో వ్యాపారి మీద ఆధారపడటం తగ్గింది. ఆధారపడటం తగ్గడంతో శాస్త్రీయ సలహాను వినే స్వేచ్ఛ పెరిగింది. సాంకేతిక మార్పూ చెల్లింపు మార్పూ అక్కడ చేతులు కలిపి నడిచాయి.

విస్తరణ రంగం ముందున్న పని

దుకాణాన్ని, చెల్లింపును విస్తరణ పరిధిలోకి తేవడానికి కొన్ని పనులు వెంటనే సాధ్యం. మొదటిది, సిఫారసును నోటి మాటగా కాక చీటీగా ఇవ్వడం. అందులో మందు సాంకేతిక నామం, ఎకరాకు మోతాదు, కొనవలసిన పరిమాణం, అది దొరకకపోతే వాడదగిన ప్రత్యామ్నాయం, ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడని మందు ఉండాలి. ప్రత్యామ్నాయం లేని చీటీ ‘అది లేదు’ అన్న ఒక్క మాటతో వీగిపోతుంది. వైద్యుని చీటీకి మందుల దుకాణంలో ఉన్న గౌరవం వ్యవసాయ అధికారి చీటీకి దక్కాలంటే అది అంత స్పష్టంగా ఉండాలి.

రెండవది, సీజన్ ముందు జరిగే రైతు శిక్షణల్లో సస్యరక్షణతో పాటు కొనుగోలు పాఠం చేర్చడం. నగదు ధర, అరువు ధర పక్కపక్కన రాసి వడ్డీ లెక్క వేసి చూపడం, లేబుల్ చదివించడం, త్రికోణం రంగుల అర్థం చెప్పడం, అరువు బిల్లు అడగడం నేర్పడం ఇందులో భాగం కావాలి. ఈ శిక్షణకు మహిళా రైతులు తప్పనిసరిగా రావాలి. ఖాతా పుస్తకంలోని గీతలకు ఇంట్లో ఒక ప్రతి ఉండటం అరువు మరపును తగ్గించే అతి చవకైన సాధనం. ఆ ప్రతిని రాసిపెట్టే శక్తి పొదుపు సంఘాల్లో లెక్కలు నేర్చిన మహిళలకు ఉన్నది.

మూడవది, పరిశోధన. సిఫారసుల స్వీకరణ మీద జరిగే అధ్యయనాల్లో కొనుగోలు స్థలం, చెల్లింపు పద్ధతి, దుకాణదారుతో రుణ సంబంధం అన్న మూడు చలరాశులు చేరాలి. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో పల్లెలకు వెళ్లే చివరి సంవత్సరం విద్యార్థులు, డీలరు అనుమతితో, కొన్ని రోజులు దుకాణం ముందు గడపవచ్చు. రైతు ఏమి అడిగాడు, ఏమి తీసుకువెళ్లాడు, ఎలా చెల్లించాడు, బిల్లు తీసుకొన్నాడా అన్న నాలుగు గడుల పట్టిక చాలు. అడిగినదానికీ తెచ్చుకొన్నదానికీ ఉన్న తేడా నగదు రైతుల్లో ఎంత, అరువు రైతుల్లో ఎంత అన్నది తేలితే, సిఫారసులు ఎందుకు అమలు కావడం లేదన్న పాత ప్రశ్నకు కొత్త సమాధానం దొరకవచ్చు.

నాలుగవది అన్నిటికన్నా కష్టమైనది. కౌలు రైతుకు సంస్థాగత రుణం సకాలంలో అందనంత వరకు అరువు ఖాతా కొనసాగుతుంది. ఇది విస్తరణ శాస్త్రవేత్త చేతిలో లేని పని. అయినా బ్యాంకర్ల సమావేశాల్లో, జిల్లా వ్యవసాయ సలహా మండళ్లలో, రుణం ఆలస్యమైతే సస్యరక్షణ సిఫారసు ఎలా విఫలమవుతుందో ఆధారాలతో చెప్పగలిగినవారు విస్తరణ శాస్త్రవేత్తలే. రుణాన్ని ఆర్థిక శాఖ విషయంగా, మందును సస్యరక్షణ శాఖ విషయంగా విడదీసి చూసినంత కాలం ఆ వాదనను వినిపించేవారు ఉండరు.

పరిశోధనా స్థానంలో ఏళ్ల తరబడి శ్రమించి రూపొందించిన సిఫారసు రైతు పొలానికి చేరే దారి దుకాణం గుండానే సాగుతున్నది. ఆ దారిలో చివరి పది అడుగులు శాస్త్రం పరిధిలోకి రావనుకోవడం వల్ల ముందు నడిచిన దూరమంతా వృథా అవుతున్నది. సుడిదోమకు ఏ మందు పనిచేస్తుందో తేల్చినంత శ్రద్ధతో, ఆ మందును ‘ఇదే ఇవ్వండి’ అని అడిగే స్థితి రైతుకు ఎప్పుడు కలుగుతుందో కూడా తేల్చవలసి ఉన్నది.